నా ఫోటోలో నా రంగే మార్చేశారు, షాపు వాళ్లని అడగొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. నాకు 23 ఏళ్లు, కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉండి జాబ్ చేస్తున్నా, శని ఆదివారాలు బొటిక్‌ల వాళ్ల చీరల షూట్లకి మోడల్‌గా వెళ్తుంటా. నేను చామనఛాయ. పోయిన నెల ఒక షాపు వాళ్లకి పోచంపల్లి చీరలు కట్టుకుని షూట్ చేశా. ఫోటోలు ఇన్‌స్టాలో పెట్టాక చూస్తే అసలు నేనేనా అనిపించింది. తెల్లగా చేసేశారు, నడుం లోపలికి నొక్కేశారు, పెదవి కింద నా పుట్టుమచ్చ కూడా లేదు. ఫోటోగ్రాఫర్‌ని అడిగితే "అందరికీ ఇలాగే చేస్తాం, నచ్చకపోతే షాపు వాళ్లు ఏఐ మోడల్‌ని పెట్టుకుంటారు" అన్నాడు. ఇంట్లో అమ్మేమో ఆ ఫోటోనే సంబంధాల వాళ్లకి పంపుదాం అంటోంది. అది ఎడిట్ అని నాకు తెలుసు, అయినా అద్దం ముందు నిలబడితే నాలో ఏదో తక్కువైనట్టు అనిపిస్తోంది. ఇది పిచ్చితనమా? షాపు వాళ్లని అడిగే హక్కు నాకుందా? రెండు ఫోటోలు పంపుతున్నా, ఒకటి వాళ్లు పెట్టింది, ఇంకోటి అదే రోజు నా ఫ్రెండ్ ఫోన్లో తీసింది.

సమాధానం:

చెల్లీ, పిచ్చితనం కాదు. ఎడిట్ అని తెలిశాక ఇంక బాధెందుకు అని చాలామంది తేలిగ్గా అనేస్తారు కానీ మనసు అలా పనిచెయ్యదు. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ యూనివర్సిటీలో మారికా టిగ్గెమన్ అనే సైకాలజీ ప్రొఫెసర్, ఆవిడతో పనిచేసినవాళ్లు దీని మీద వరసగా పరిశోధనలు చేశారు, ఫ్యాషన్ ఫోటోల మీద "ఇది డిజిటల్‌గా మార్చిన ఫోటో" అని లేబుల్ వేసి మరీ అమ్మాయిలకి చూపించారు, లేబుల్ ఉన్నా కూడా తమ ఒంటి మీద వాళ్లకి కలిగే అసంతృప్తి తగ్గలేదు. ముందు కన్ను పోల్చేసుకుంటుంది, అది నిజం కాదన్న సంగతి తర్వాతెప్పుడో గుర్తొస్తుంది. పైగా వాళ్లు చూసింది ఎవరో ముక్కూ మొహం తెలియని మోడల్స్‌ని. నీ ముందు పెట్టింది నీ ముఖాన్నే కదా, నీ ముఖం తీసుకుని "ఇదిగో నువ్వు ఇలా ఉంటే బాగుండేది" అని ఊరంతా లైకులు కొడుతుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

నువ్వు పంపిన రెండు ఫోటోలూ పెద్ద స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టుకుని చూశా, నేను చాలా ఏళ్లుగా ఈ ఫ్యాషన్ ఫోటోల పనిలోనే ఉన్నా కాబట్టి ఎక్కడ ఏం చేశారో వరసగా చెప్పగలను. ముందు నడుం. ఫోన్ ఫోటోలో నీ చీర మీద ఇకత్ (పోచంపల్లి నేత) డైమండ్లు కుచ్చిళ్ల పక్క నుంచి నడుం దాకా ఒకే సైజులో ఉన్నాయి. షాపు ఫోటోలో ఎడమ నడుం దగ్గరికి వచ్చేసరికి ఆ డైమండ్లు నొక్కుకుపోయి సన్నగా అయిపోయాయి, పైట అంచు మోచేతి కింద అలలాగా వంగింది, వెనక తలుపు ఫ్రేమ్ కూడా సరిగ్గా నీ నడుం ఎత్తులో లోపలికి వంకర పోయింది. ఎడిటింగ్‌లో లిక్విఫై అనే టూల్ చేసే పని ఇదే. అది నడుమొక్కటే పట్టుకుని లాగదు, ఆ చుట్టుపక్కల ఏముంటే దాన్నంతా లాగుతుంది, ప్లెయిన్ బట్ట అయితే కనపడదు కానీ గళ్లో చారలో ఇకతో ఉంటే ఇట్టే దొరికిపోతుంది. 2009లో రాల్ఫ్ లారెన్ అనే బట్టల కంపెనీ యాడ్ ఒకటి ఇలాగే ప్రపంచమంతా తిరిగింది, ఫిలిప్పా హామిల్టన్ అనే మోడల్ నడుం ఆమె తలకాయ కంటే సన్నగా చేసి పెట్టారు, గొడవయ్యాక కంపెనీ తప్పు ఒప్పుకుంది.

తర్వాత రంగు. ఇది నువ్వు బాగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే షాపు వాళ్లతో మాట్లాడేటప్పుడు నీకు పనికొచ్చేది ఇదే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్లైడర్ ఉంటుంది. మనుషుల చర్మం, తెల్లవాళ్లదైనా నల్లవాళ్లదైనా మనదైనా, దాదాపు అంతా ఆరెంజ్ స్లైడర్ కిందకే వస్తుంది. చర్మం తెల్లగా కావాలంటే ఆ ఆరెంజ్ వెలుగు పెంచి, గాఢత తగ్గించేస్తారు, రెండు సెకన్ల పని, ఒక ఫోటోకి చేసి ప్రీసెట్‌గా సేవ్ చేసుకుంటే షూట్ మొత్తానికి ఒక్క క్లిక్‌తో పడిపోతుంది. కానీ నువ్వు కట్టుకున్నది మస్టర్డ్ చీర! మస్టర్డ్ రంగు ఉండేది ఆరెంజ్‌కీ పసుపుకీ మధ్యలోనే, జరీ బంగారు రంగూ అక్కడే ఉంటుంది. నీ చెయ్యి ఎంత తెల్లబడిందో చీర కూడా అంత వెలిసిపోయింది, చూడు కావాలంటే, ఫోన్ ఫోటోలో చక్కటి ఆవపొడి రంగు, షాపు ఫోటోలో నిమ్మపండు. నీ వేళ్ల కణుపుల దగ్గర బూడిద పూసినట్టు కనిపిస్తోంది కదా, అది కూడా గాఢత తగ్గించడం వల్లే, మన చర్మానికి జీవం ఇచ్చే ఆ వెచ్చదనం పోయింది.

ఇక స్కిన్ స్మూత్ సంగతి చెప్పాలంటే మెడ మీదా భుజం మీదా ఎక్కడా ఒక్క చర్మ రంధ్రం కూడా కనపడట్లేదు, మైనం బొమ్మలాగా ఉంది, బ్రష్ అజాగ్రత్తగా తిప్పినట్టున్నారు, భుజం మీద బట్ట నేత కూడా కొట్టుకుపోయింది. పోచంపల్లి చీరకి అందమే ఆ డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు, ఒక రంగు ఇంకో రంగులోకి జారినట్టు ఉండటం, నూలుని ముందే కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి అలా వస్తుంది. ఆ నేతన్న చేతి పనిని తీసుకెళ్లి ప్రింటు చీరలాగా చూపించారు, నాకైతే నీ ముఖం తర్వాత ఎక్కువ బాధేసింది దానికే.

మరి ఎడిటింగే వద్దా అంటే అలా అనను, ఎడిటింగ్ అసలు చెయ్యని ఫ్యాషన్ ఫోటో చాలా అరుదు, కంప్యూటర్లు రాకముందు కూడా మన స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్లు. నేను పాటించే లెక్క ఒకటుంది, పనిలో పద్ధతిగా ఉండేవాళ్లు చాలామందిదీ అదే: వారం పది రోజుల్లో దానంతట అదే పోయేది ఫోటోలో తీసెయ్యొచ్చు, మనిషితో ఉండేదాన్ని ముట్టుకోకూడదు. మొటిమ, నుదుటి మీద పడ్డ వెంట్రుక, బ్లౌజ్ ముడత, వెనక పెట్టిన క్లిప్పులు, పిన్నులు, కాటుక చెదిరితే అది, ఇవన్నీ తియ్యొచ్చు. పుట్టుమచ్చ, ఒంటి రంగు, నడుం కొలత, ముక్కు ఆకారం, ఇవి నీవి. అవి మార్చాలంటే నిన్ను అడగాలి.

ఇంకో సంగతి, ఈ తెల్లబరచడం చాలాసార్లు ఎడిటింగ్ దగ్గర మొదలవ్వదు, మేకప్ కుర్చీలోనే మొదలవుతుంది. మేకప్ ఆర్టిస్ట్ నీ రంగు కంటే రెండు షేడ్లు తెల్లటి ఫౌండేషన్ వేస్తుంది, ముఖం ఒక రంగు చేతులు ఒక రంగు అవుతాయి, ఆ తేడా సరిచెయ్యమని ఎడిటర్‌కి ఇస్తారు, ఆ కుర్రాడికి ఫోటోకి ఇంత అని డబ్బులు, రాత్రికి రాత్రే వందల ఫోటోలు ఇవ్వాలి, ముఖాన్ని చేతుల రంగుకి దించడం కంటే చేతుల్ని ముఖం రంగుకి లేపెయ్యడం తేలిక, స్లైడర్ జరిపేస్తాడు. అందుకే ఆ కుర్రాడి మీద కోపం పెట్టుకోకు, ఈసారి నుంచి నీ షేడ్ ఫౌండేషన్ నువ్వే బ్యాగులో పెట్టుకెళ్లు, దవడ దగ్గర కాకుండా మెడకీ ఛాతీ పైభాగానికీ మ్యాచ్ అయ్యేలా చూసుకుని కొనుక్కో. "అక్కా నాకు ఇదే వెయ్యండి" అంటే మేకప్ వాళ్లు పెద్దగా అభ్యంతరం చెప్పరు, వాళ్ల సామాను మిగులుతుంది.

ఇప్పుడు హక్కు సంగతి. నేను లాయర్‌ని కాదు కానీ ఈ పనిలో ఉన్నందుకు తెలుసుకోవాల్సినంత తెలుసుకున్నా. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం డబ్బిచ్చి ఫోటో తీయించుకున్నవాళ్లే, వేరే అగ్రిమెంట్ లేకపోతే, ఆ ఫోటోకి మొదటి ఓనర్. అంటే ఆ ఫోటో షాపు వాళ్లది, నీది కాదు, కాబట్టి "నా ఫోటో నాకు ఇచ్చెయ్యండి" అని వాదించి లాభం లేదు. ఫ్రాన్స్‌లో అయితే 2017 అక్టోబర్ నుంచి యాడ్ ఫోటోలో మోడల్‌ని సన్నగానో లావుగానో చేస్తే "రీటచ్ చేసిన ఫోటో" అని రాయాలి, రాయకపోతే 37,500 యూరోల దాకా జరిమానా, కానీ అందులో కూడా ఒంటి ఆకారం గురించే ఉంది, చర్మం రంగు ఊసు లేదు. నార్వే వాళ్లు 2022 జులై నుంచి అమలు చేసిన చట్టంలో ఆకారం, సైజుతో పాటు చర్మం కూడా పెట్టారు, ఇన్‌ఫ్లుయెన్సర్లకి కూడా వర్తిస్తుంది, నీలాంటి వాళ్లకి పనికొచ్చేది అది. ఫ్యాషన్ ఫోటోలో నడుం సన్నం చేస్తే లేబుల్ వెయ్యాలనే అలాంటి ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. (లేబుల్ వేసినా బాధ తగ్గదని పైన చెప్పా కదా, అయినా నాకు ఆ చట్టాలు నచ్చుతాయి, చూసేవాళ్ల బాధ తగ్గకపోయినా చేసేవాడి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.)

అందుకని నువ్వు మాట్లాడాల్సింది చీర వైపు నుంచి. ఇది దొడ్డిదారి అనుకోకు, పెద్ద పెద్ద కేసులు కూడా ఇలాగే తేలాయి. 2011లో బ్రిటన్‌లో నటి జూలియా రాబర్ట్స్ ఉన్న లాంకోమ్ ఫౌండేషన్ యాడ్, మోడల్ క్రిస్టీ టర్లింగ్టన్ ఉన్న మేబిలీన్ ఫౌండేషన్ యాడ్ రెండిటినీ అక్కడి యాడ్స్ నియంత్రణ సంస్థ ఆపేసింది, ఆ ఫౌండేషన్ వేసుకుంటే ముఖం నిజంగానే అలా వస్తుందా లేక ఎడిటింగ్ వల్ల వచ్చిందా అని అడిగితే కంపెనీ సరిగ్గా చూపించలేకపోయింది. కొనేవాళ్లని తప్పుదారి పట్టించారు అన్నదే అక్కడ పాయింటు. ఇంకా వెనక్కి వెళ్తే కోడాక్ కలర్ ఫిల్మ్ కథ ఉంది, షర్లీ కార్డు అని ఒక తెల్లమ్మాయి ఫోటో పెట్టుకుని దాని ప్రకారమే ల్యాబుల్లో రంగులు సరిచూసుకునేవాళ్లు, నల్లవాళ్ల ముఖాలు ఆ ఫిల్మ్‌లో సరిగ్గా పడేవి కాదు, చివరికి గోధుమ రంగులు బాగుపడటానికి ఒక కారణం చాక్లెట్ కంపెనీలూ చెక్క ఫర్నిచర్ కంపెనీలూ మా సరుకు రంగు సరిగ్గా రావట్లేదని గోల చెయ్యడమే అని ఆ కంపెనీలో పనిచేసినవాళ్లే చెప్పారు. మనుషుల మాట కంటే సరుకు మాటే ముందు వినపడింది! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, కానీ నీకు పని జరగాలి కాబట్టి ఆ దారే చెప్తున్నా.

షాపు మేడమ్‌కి ఫోన్ చెయ్యకు, వాట్సాప్‌లో రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి ఇలా పంపు: "మేడమ్, ఎడిటింగ్‌లో స్కిన్ తెల్లగా చెయ్యడం వల్ల చీర రంగు కూడా మారిపోయింది చూడండి, మస్టర్డ్ చీర నిమ్మ రంగులో పడింది. నడుం దగ్గర డిజైన్ కూడా వంగింది. కస్టమర్లు చీర చేతికొచ్చాక రంగు వేరే ఉందంటే ఇబ్బంది కదా. స్కిన్ టోన్ మార్చకుండా మళ్లీ ఎడిట్ చేయించగలరా? నా వైపు నుంచి కూడా నాకు నా అసలు రంగు, పుట్టుమచ్చ అలాగే ఉంటేనే ఇష్టం." ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి, మొహమాటపడి తీసెయ్యకు. చీర గురించి మాట్లాడటం నీ మాట వాళ్ల చెవిలో పడటానికి, అంతేగానీ నీ రంగు గురించి మాట్లాడటానికి సిగ్గుపడి కాదు. ఆన్‌లైన్లో చీరలమ్మే ఎవరినైనా అడుగు, "ఫోటోలో రంగు వేరు, చీర రంగు వేరు" అన్నదే వాళ్లకి పెద్ద తలనొప్పి. పైగా సరుకుని తప్పుగా చూపించే యాడ్‌ల మీద వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉండనే ఉంది, అది నువ్వు మెసేజ్‌లో రాయక్కర్లేదు, వాళ్లకి తెలిసే ఉంటుంది.

ఈసారి నుంచి మాత్రం డేట్ కన్ఫర్మ్ చేసేటప్పుడే చెప్పెయ్. మేకప్ వేసుకుని లైట్ల ముందు నిలబడ్డాక చెప్తే ఎవరూ వినరు, అడ్వాన్స్ వెయ్యకముందు చెప్తే వింటారు. "ఒంటి రంగు, ఆకారం, పుట్టుమచ్చలు మార్చొద్దు, మొటిమలు, ముడతలు క్లీన్ చేసుకోవచ్చు, పోస్ట్ చేసే ముందు ఒక ఫోటో నాకు చూపించండి" అని మూడు ముక్కలు రాసి "ఓకే" అని రిప్లై తీసుకో, అగ్రిమెంట్ కాగితం లేకపోయినా ఆ చాట్ ఉంటుంది నీ దగ్గర. కేట్ విన్‌స్లెట్ లాంటి పెద్ద నటి కూడా తన కాంట్రాక్టులో రీటచింగ్ వద్దనే షరతు ఉందని 2015లో చెప్పింది, అంతకు పన్నెండేళ్ల ముందు 2003లో ఒక మ్యాగజైన్ కవర్ మీద ఆవిడ కాళ్లని సాగదీసి సన్నగా చేస్తే నేను అలా ఉండనని బయటికే చెప్పేసింది. అమెరికా నటి జెండాయా 2015లో తన నడుం, తుంటి మార్చిన ఫోటోనీ అసలు ఫోటోనీ పక్కపక్కన పెట్టి పోస్ట్ చేస్తే ఆ పత్రిక మార్చిన ఫోటోల్ని వెనక్కి తీసుకుంది, ఆ అమ్మాయికి అప్పటికి 19 ఏళ్లే. వాళ్లకున్న పలుకుబడి నీకు లేదు, నాకు తెలుసు, అందుకే పోస్ట్ పెట్టి గొడవ చెయ్యమని నీకు చెప్పట్లేదు, ముందు మెసేజ్‌తోనే మొదలుపెట్టు.

ఏఐ మోడల్ అన్న బెదిరింపు గురించి అబద్ధం చెప్పను, కొంత పని అటు పోతుంది, పోతోంది కూడా. అమెరికా వోగ్ ఫ్యాషన్ పత్రిక 2025 ఆగస్టు సంచికలోనే గెస్ అనే బట్టల కంపెనీ యాడ్ ఒకటి ఏఐతో తయారుచేసిన అమ్మాయితో వచ్చింది. చీరల్లో కూడా ప్రింటు చీరలు, ప్లెయిన్ చీరలు అమ్మేవాళ్లు చాలామంది అటు వెళ్తారనే నా అంచనా. కానీ చేనేత చీర సంగతి వేరు, ఏఐ బొమ్మ డిజైన్‌ని ఉన్నదున్నట్టు వెయ్యకుండా దానికి తోచినట్టు అల్లేస్తుంది, కొంగులో బుటాలు తగ్గిపోతాయి, అంచు కుచ్చిళ్లలోకి వెళ్లేసరికి ఇంకో అంచు అయిపోతుంది, గద్వాల్ చీరలో ఒంటినీ అంచునీ కలిపే కుట్టు ఎక్కడ వస్తుందో దానికి తెలియదు. ఏ చీరకా చీర వేరుగా ఉండే చోట కొనేవాళ్లకి అసలు చీర చూపించాల్సిందే. నువ్వు చేనేత అమ్మేవాళ్ల దగ్గర పని వెతుక్కో, అసలు రంగుల విలువ తెలిసినవాళ్లు కూడా అక్కడే ఎక్కువ దొరుకుతారు. ఇంకో మాట, ఎవరిదగ్గరైనా ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు నీ ముఖాన్ని ఏఐతో వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు అందులో ఉందేమో చదివి పెట్టు.

అమ్మ సంగతి. అమ్మని తప్పు పట్టకు, ఆవిడ ఈ రంగు మాటలు పడీ పడీ, నిన్ను ఆ మాటల నుంచి తప్పిద్దామనే ఆ ఫోటో పంపుతానంటోంది అని నాకనిపిస్తోంది. కానీ ఆ ఫోటో మాత్రం పంపనివ్వకు. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు గుమ్మంలో నిన్ను చూసి ఒక్క క్షణం ముఖాలు చూసుకుంటారే, ఆ క్షణం నీ తప్పు లేకుండా నీ మీద పడుతుంది, అమ్మ మీద కూడా పడుతుంది. అమ్మతో కూర్చుని ఇదే చెప్పు, "అమ్మా, నా ఫోటో చూసి వద్దనుకునేవాళ్లు ఇంటిదాకా రాకపోవడమే మనకి మంచిది కదా" అను. 2020లో షాదీ డాట్‌కామ్ వాళ్లు ఒంటి రంగుని బట్టి వెతికే ఫిల్టర్ తీసేశారు, మాకొద్దు అని అమ్మాయిలు గట్టిగా అడిగాకే తీశారు, ఆ సంగతి కూడా చెప్పు.

ఉట్టినే వద్దంటే అమ్మ వినదు, ఇంకో మంచి ఫోటో చేతిలో పెట్టాలి. పొద్దున ఎనిమిది తొమ్మిది మధ్య ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, కిటికీ వైపు సగం తిరిగి నిలబడు, గదిలో ట్యూబ్‌లైట్ ఆపెయ్, రెండు వెలుగులు కలిస్తే ముఖం మీద పచ్చదనం వస్తుంది. ఫోన్ వెనక కెమెరాతో తీయించుకో, ముందు కెమెరా చాలా ఫోన్లలో నువ్వు అడక్కుండానే బ్యూటీ మోడ్ పెట్టి ఉంటుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి అది సున్నా చేసుకో. ముఖానికి పౌడర్ బదులు కొంచెం మాయిశ్చరైజర్ రాసుకో, చామనఛాయ మీద ఆ మెరుపు చాలా బాగుంటుంది, పౌడర్ ఆ మెరుపుని చంపేస్తుంది. ముదురు రంగు చీరే కట్టుకో, లేత రంగులు కడితే తెల్లగా కనిపిస్తావన్నవాళ్ల మాట వినకు, నీ ఫ్రెండ్ తీసిన ఫోటోలో ఆ మస్టర్డ్ నీకు ఎంత నప్పిందో నేను చూశా. నిజానికి షూట్ రోజు తీసిన అన్ని ఫోటోల్లోకీ అదే బాగుండి ఉంటుంది, అమ్మకి ముందు అదే చూపించు.

షాపు మేడమ్‌కి పంపే ముందు ఒక చిన్న జాగ్రత్త: మీ ఇద్దరి ఫోన్లలో కళ్లకి హాయిగా ఉండటానికి స్క్రీన్‌ని పసుపుగా మార్చే నైట్ మోడ్ ఏదైనా ఆన్‌లో ఉంటే ఆపేసి చూడమను, అది ఆన్‌లో ఉంటే రెండు చీరల రంగూ ఒకేలా కనిపించి తేడా ఏముంది అనేస్తుంది. వీలైతే ఆ చీరనే షాపు బయట పగటి వెలుగులో పెట్టి, పక్కనే ఫోన్లో వాళ్ల ఫోటో తెరిచి చూసుకోమను.